ఆ మెసేజ్‌లో అలా రాసి లేదు

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నన్ను నేను గౌరవించుకోవడమే. నిజానికి దాని బరువు మోసింది మా చెల్లెలు. నేను చేతులూపుకుంటూ పక్కన నడిచాను. మీకే ఎందుకు చెబుతున్నానంటే మీరు నాకు ఏమీ కారు. మా ఊరికి రారు, మా నాయనను చూడరు, నా ముఖం మీద ఉమ్మలేరు. ఉమ్మితే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది.

నాకు ఖేడ్‌లో, బస్టాండుకు కాస్త అవతల, ఒక చిన్న షాపు ఉంది. జిరాక్సులు తీస్తాను, ఆన్‌లైన్‌లో దరఖాస్తులు నింపుతాను. కాలేజీల్లో సీట్లు వచ్చే రోజుల్లో ఇంకో పని మీద పడుతుంది. కంగ్టి నుంచి, కల్హేర్ నుంచి, మనూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. ఉన్న పైసల్లో ఏ ల్యాప్‌టాప్ కొనాలో చెప్పమంటారు. చాలా ఓపికగా చెబుతాను. బరువెంతో చూసుకో, రోజూ మోసేది నువ్వే. ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుందో కంపెనీ మాట నమ్మకు, అందులో సగం అనుకో. ర్యామ్ తర్వాత పెంచుకునే వీలుందా లేదా? ఆటలు ఆడతావా? ఆడితే ఏవి? సిగ్గుపడకు, చెప్పు, ఆడుకోవడం తప్పేమీ కాదు. ఇలా గంటసేపు చెప్పి ఒక్క రూపాయి తీసుకోను. మంచోడని పేరు పడిపోయింది. ఎవరైనా నా ముందు ఆ మాట అంటే ఒళ్లు మండుతుంది.

అప్పుడు నాకు ఇరవై. ఖేడ్‌లోనే డిగ్రీ. మూడు సబ్జెక్టులు తప్పి, తప్పినట్టు ఇంట్లో చెప్పకుండా తిరుగుతున్నాను. ఒక దోస్తు ఇంట్లో కంప్యూటర్ ఉండేది. నలుగురం చేరి తుపాకుల ఆట ఆడేవాళ్లం. నా వంతు వచ్చేసరికి వాళ్ల అమ్మ అన్నానికి పిలిచేది, కంప్యూటర్ ఆపేసేవాడు. అంతసేపు కూర్చుని, ఏమీ ఆడకుండా లేచి వచ్చేవాణ్ణి. ఎవడి దయా అక్కర్లేకుండా నాదంటూ ఒకటి ఉండాలని పిచ్చిగా అనిపించేది. ఈ ముక్క కూడా నా తరఫున వాదించడానికే రాశానని ఇప్పుడు తెలుస్తోంది. ఉండనివ్వండి, కొట్టేయను.

అనిత నాకంటే రెండేళ్లు చిన్నది. ఏ పరీక్షా తప్పలేదు. హైదరాబాద్ అవతల ఒక కాలేజీలో కంప్యూటర్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మా నాయన కందులు అమ్మి వచ్చాడు, ల్యాప్‌టాప్‌కు యాభై ఐదు వేలు అన్నాడు. ఇంట్లోకి ఒక్కటే, మళ్లీ అడగొద్దన్నాడు. అనిత ఎవరో సీనియర్ అమ్మాయిని అడిగి నోటుబుక్కు కాగితం మీద రాసుకుంది. తేలికగా ఉండాలి. పదహారు జీబీ ర్యామ్ ఉండాలి. క్లాసులో ప్లగ్గులు దొరకవు కాబట్టి ఛార్జింగ్ ఐదారు గంటలు రావాలి. చివర్న, గేమింగ్‌ది అక్కర్లేదు అని రాసి కింద గీత గీసుకుంది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పెద్ద వస్తువు ఏది కొన్నా తెలిసినవాణ్ణి తోలుకుని పోతారు. బర్రెకైతే బర్రెల సంగతి తెలిసినవాడు, బోరు మోటారుకైతే మోటార్లు తెలిసినవాడు. అక్కడ అతనే మాట్లాడతాడు. కొనేవాడు నోరు తెరవడు, తెరిస్తే వెంట వచ్చినవాణ్ణి నమ్మనట్టు అవుతుంది. ల్యాప్‌టాప్‌కు తెలిసినవాణ్ణి నేనట. ఎలా అయ్యాను? కావలసినవన్నీ రాసుకున్న కాగితం అనిత చేతిలో ఉంది. చదవబోయేది అనిత. ఇంట్లో మగపిల్లవాణ్ణి మాత్రం నేను. అంతకు మించి నా దగ్గర ఏ అర్హతా లేదు.

హైదరాబాద్‌లో షాపువాడు రెండింటిని పక్కపక్కన పెట్టాడు. ఒకటి బూడిదరంగుది, పలచగా, అనిత కాగితంలోంచి లేచి వచ్చినట్టే ఉంది. రెండోది నల్లగా, మందంగా ఉంది. మీటల కింద ఎర్ర లైట్లు. ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉంది. ర్యామ్ మాత్రం అనిత రాసుకున్నదాంట్లో సగం. రెండున్నర కిలోల బరువు, దానికి తోడు ఇటుకంత ఛార్జర్. షాపువాడు చదువుకైతే మొదటిదే మంచిదన్నాడు. నేను అతణ్ణి మధ్యలోనే ఆపి, ఇంజనీరింగ్‌కు గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి అని, అది లేనిది కొంటే రెండో ఏడు మళ్లీ ఇంకోటి కొనాల్సి వస్తుందని నాయనకు చెప్పాను. మళ్లీ కొనడం అనగానే నాయన మొహం మారుతుందని నాకు తెలుసు. ఛార్జింగ్ ఎంతసేపు వస్తదని అనిత అడిగితే ఐదు గంటలు పక్కా అన్నాను. రెండు గంటలు కూడా రాదని తెలిసే అన్నాను. నల్లదే కొన్నాం. అనిత కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

అక్కడితో ఆగి ఉంటే, ఏదో అన్నగా చేసిన వెధవ పని అనుకుని మరిచిపోయేవాణ్ణేమో. ఆగలేదు.

హాస్టల్‌కు పోవడానికి వారం ముందు కాలేజీ నుంచి నాయన ఫోన్‌కు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చింది. బ్యాంకుదైనా కరెంటుదైనా నాయన ఫోన్ నా చేతికిచ్చి చదవమంటాడు. నేను చదివిందే అందులో ఉన్నట్టు. పిల్లలందరూ మొదటి రోజు నుంచే సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలి, ల్యాబ్‌లో ఉన్నవి అందరికీ సరిపోవు అని ఆ మెసేజ్. నేను చదివింది వేరు. మొదటి సంవత్సరం పిల్లలు హాస్టల్‌కు ల్యాప్‌టాప్ తేవద్దు, పోతే బాధ్యత మాది కాదు అన్నాను. 'పోతే' అన్న ముక్క ఎక్కడినుంచి వచ్చింది? ఎవరైనా చెప్పమన్నారా? ముందే అనుకున్నదీ కాదు. నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది. చదివేశాక మెసేజ్ తీసేశాను. అనిత బట్టలు, పచ్చడి డబ్బా సర్దుకుని వెళ్లిపోయింది. ల్యాప్‌టాప్ ఇంట్లో, నా మంచం మీద ఉండిపోయింది.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. పొద్దున పూట. నాయన వాకిట్లో కూర్చుని స్పీకర్ పెట్టాడు. నేను లోపల ఆట ఆపి గడప దగ్గరికి వచ్చాను.

"నాయినా, అందరు తెచ్చుకున్నరు. నాకొక్కదానికే లేదు. సార్ రోజు అడుగుతుండు."

"కాలేజోళ్లే వద్దని మెసేజ్ పెట్టిరి గద బిడ్డా."

"గట్ల పెట్టలేదంట. తెమ్మనే పెట్టిండ్రంట. అన్న తప్పు చదివిండు కావచ్చు నాయినా."

నాయన తలెత్తి నన్ను చూశాడు. "ఏందిరా?"

అప్పుడైనా అనొచ్చు. అవును, సరిగా చూడలేదు అంటే అయిపోయేది. పాపం పిల్ల తప్పించుకునే దారి కూడా తనే చూపించింది.

"నేను మంచిగనే చదివిన," అన్నాను, ఫోన్‌లో పడకుండా మెల్లగా. "సినిమాలు చూస్తందుకు అడుగుతుండొచ్చు."

నాయన ఫోన్ దగ్గరగా పెట్టుకున్నాడు. "పోయి పదిహేను రోజులు గాలే, అప్పుడే అబద్ధాలు నేర్చినవా?"

 "అన్నకు ఫోనియ్యి" అంది అనిత. నేను వద్దని చెయ్యి ఊపాను. పనికి పోయిండని నాయనే చెప్పాడు.

ఆ ఏడాది అనిత ప్రోగ్రాములు నోటుబుక్కులో పెన్నుతో రాసింది. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయి. పక్క మంచం పిల్ల స్నానానికి పోయినప్పుడు ఆ పిల్ల ల్యాప్‌టాప్ అడుక్కుని అరగంట చేసుకునేదట. ఈత నేర్చుకునేవాణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి చేతులు ఆడించమన్నట్టు. మొదటిసారి ల్యాబ్ పరీక్ష తప్పింది. పుట్టి బుద్ధెరిగాక అదే తప్పడం. సెలవులకు ఇంటికి వచ్చి ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఆ పక్క గదిలోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడుతున్నాను. వాళ్ల సార్ ఇంటికే ఫోన్ చేసి అరిస్తే రెండో ఏడు ల్యాప్‌టాప్ ఇచ్చి పంపాం. నాయన ఆ సార్‌ను ఏమీ అడగలేదు, ఇప్పుడు రూలు మారిందేమో అనుకున్నాడు. అప్పటికి ఏడాదంతా నేను వాడి వాడి ఛార్జింగ్ గంట కూడా రావడం లేదు. ప్లగ్గు కోసం అనిత వెనక గోడ దగ్గర కూర్చునేదట, అక్కడికి బోర్డు కనపడదు. తప్పినవి మీద పడుతూ పోయాయి. ఎలాగో పూర్తిచేసేసరికి దాదాపు రెండేళ్లు ఎక్కువ పట్టింది. కంపెనీలు పిలవలేదు.

ఇప్పుడు కల్హేర్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. బాగా చెబుతుందని పిల్లలు అంటారు. "నాకు కంప్యూటర్ తలకెక్కలే అన్నా" అని నవ్వుతుంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా చేతికందింది పగలగొట్టాలనిపిస్తుంది. తలకెక్కకపోవడం ఏమిటి? ఎక్కడానికి ఏముంది నీ దగ్గర? అది నా మంచం మీద ఉంది కదే! ఈ మాట ఏడేళ్లలో ఎన్నిసార్లు నోటిదాకా వచ్చి ఆగిందో.

అంతకంటే కడుపు మండేది ఇంకొకటుంది. అనిత ఏం చెప్పినా నాయన తర్వాత నన్ను అడుగుతాడు. బడికి రేపు సెలవంటది, నిజమేనా? డాక్టర్ ఆ గోలీ వద్దన్నడంటది, నిజమేనా? ఎప్పుడో ఒక పొద్దున పడ్డ ముద్ర, ఇంకా పోలేదు. మూడు సబ్జెక్టులు తప్పి నీ దగ్గర దాచినవాడి మాట ఎట్లా నమ్మావు నాయినా? ఎన్నడూ తప్పని పిల్ల ఫోన్‌లో మొత్తుకుంటుంటే ఒక్కసారి బస్సెక్కి కాలేజీకి పోయి కనుక్కోవాలని ఎందుకు అనిపించలేదు? ఇలా నాయన మీద అరుస్తాను, లోలోపల, బండి నడుపుతూ. కొంతదూరం పోయాక సిగ్గేస్తుంది. ఆయనకు చదువు రాదు. నన్ను కళ్లద్దాల్లా వాడుకున్నాడు. అద్దాలు అబద్ధం చెబుతాయని ఎవరనుకుంటారు?

మొన్న అనిత షాపుకు వచ్చింది. వాళ్ల బడిలో చదివిన ఒక అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చిందట, ఆ పిల్లనూ వాళ్ల నాయననూ వెంట తీసుకొచ్చింది. లోపలికి వస్తూనే ఆయనతో, "మా అన్న చూస్తడు. అన్న చెప్పిండంటే ఇగ రంది లేదు" అంది.

నాకు ఏమైందో తెలియదు. "నన్నెందుకు అడుగుతరు? నాకేం తెల్వదు, పొండ్రి!" అని అరిచాను. పక్క షాపువాడు తొంగి చూశాడు. ఆ పిల్ల భయపడి గుమ్మం దిగింది. అనిత వాళ్లకు సర్దిచెప్పింది, పని ఎక్కువై పరేషాన్‌ల ఉన్నడు, ఏమనుకోకుండ్రి అని. నా తరఫున తను మాట పడి వెళ్లిపోయింది.

షట్టర్ దించి నేరుగా ఊరికి పోయాను. నాయనకు అంతా చెప్పాను. మెసేజ్‌లో ఏముందో, నేనేం చదివానో, ఏదీ దాచలేదు. కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"అయిందేదో అయింది. గిప్పుడెందుకురా గవన్ని? దానికి చెప్పకు. ఇంట్ల లొల్లయితది."

అంతే. లేచి బర్రె దగ్గరికి పోయాడు. అనిత మీద ఆ రోజు ఎగసిన కోపంలో పదో వంతు కూడా నా మీద లేదు. అబద్ధాలు నేర్చినవా అని నన్ను ఇప్పటికీ ఎవరూ అడగలేదు. చెప్పొద్దన్నది నా కోసమా, తన కోసమా? ఆయన ముఖం చూస్తే రెండూ అనిపించింది. అది చూశాకే ఇక దాయకూడదని గట్టిగా అనిపించింది.

నిన్న మధ్యాహ్నం బడి విడిచే వేళ అనితకు ఫోన్ చేసి చెప్పాను. ముందు కాసేపు నత్తినత్తిగా, తర్వాత గడగడా. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. వెనక పిల్లల గోల వినపడుతోంది. నేను ఆగాక అడిగింది.

"చదివినప్పుడు నీకు సమజైందా అన్నా? ఏం రాసిండ్రో సమజైందా?"

ఆ వెంటనే తనే చెప్పింది, ఏడేళ్లుగా నాకు ఇంగ్లీషు సరిగా రాక తప్పు చదివాననే అనుకుందట. మా నాయనతో, మా అమ్మతో, చివరికి తనతో తాను కూడా అదే చెప్పుకుందట. ఆ దారి ఇంకా తెరిచే ఉంది. సమజుగాలే అంటే సరిపోయేది.

"సమజైంది" అన్నాను.

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేయలేదు. చేస్తుందని నేనూ అనుకోవడం లేదు. నన్ను క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. ఒక్క మాట మాత్రం ఇక్కడ రాసిపెడుతున్నాను, ఎవరు చదివినా ఇంకోలా చదవడానికి వీల్లేకుండా. అనిత అబద్ధమాడలేదు. ఆడింది నేను. ఇది రాసేసరికి ఒళ్లు తేలికైంది, ఆకలి కూడా వేస్తోంది. ఆ పిల్ల నిన్న అన్నం తిన్నదో లేదో తెలియదు. నాకు మాత్రం ఆకలేస్తోంది, అందుకు కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.