వెనక వరుస కనబడని పెళ్లి

రాజోలులో లోకల్ కేబుల్ ఛానల్ నడిపే ధనరాజు మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఆయన చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, తరవాత చెప్పబుద్ధి కాకపోవచ్చు.

మొదట్లో ఆయన పెళ్లిళ్లకు వీడియో తీసేవాడు. మా వైపు పెళ్లి వీడియో అంటే తాళి కట్టడం ఒక్కటే కాదు, అసలు సంగతి భోజనాల బంతి. ధనరాజు బంతికి ఈ కొసన మొదలుపెట్టి ఆ కొసదాకా ఒక్కొక్కరి ముందూ కెమెరా ఆపేవాడు. వాళ్లు నమలడం మానేసి, మూతి తుడుచుకుని, సర్దుకుని కూర్చునేవారు. ఎవరినీ వదిలేవాడు కాదు. ఆ క్యాసెట్టు ఇళ్లలో ఏడాది పొడుగునా ఆడేది. పెళ్లికొడుకును చూడ్డానికనుకునేరు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, వచ్చినవాళ్లు ఏం కట్టుకొచ్చారు, అదీ చూసేది. మాకు అన్నం ఒక పూట తక్కువైనా ఫరవాలేదు గానీ మర్యాద తక్కువ కాకూడదు. ఆ మర్యాదకు సాక్ష్యం ధనరాజు కెమెరా.

కేబుల్ వచ్చాక పెళ్లిళ్లూ, చర్చి కూటాలూ, ఊరేగింపులూ లైవులో ఇవ్వడం మొదలుపెట్టాడు. కదల్లేనివాళ్లు ఇంట్లో మంచం మీంచే అందరినీ చూసుకునేవారు. అంతా సవ్యంగా నడుస్తుండగా హైదరాబాదులో ఏదో శిక్షణకు వెళ్లొచ్చాడు. వెళ్లిన మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు.

"టీవీ చూసినట్టు ఉండకూడదండి. సినిమా చూసినట్టుండాలండి" అన్నాడు నాతో.

టీవీలో వచ్చేది టీవీలాగే ఉంటే తప్పేమిటో నాకు బోధపడలేదు. కొత్త లెన్సు కొన్నాడు. దాంతో తీస్తే ముందున్న మనిషి ఒక్కరే తేటగా కనబడతారు, వెనకున్న లోకమంతా మంచులో కలిసిపోతుంది. లైవులోనే రంగులు మార్చే పెట్టె ఒకటి తగిలించాడు. ఆ దెబ్బతో కొబ్బరిచెట్లు నీలంగా, మనుషులు నారింజ రంగులో తయారయ్యారు. సెకనుకు పోవలసిన బొమ్మలు కూడా తగ్గించాడు, సినిమాలో అంతేనట. పురోహితుడు అక్షింతలు విసిరితే చేతికి తోక మొలిచినట్టుండేది. తెరకు పైనా కిందా నల్లపట్టీలు వేసేసరికి తాటిపాకలో ఒకాయన పాపం టీవీ మెకానిక్కును పిలిపించుకున్నాడు. అయినా కుర్రకారు మెచ్చుకున్నారు. ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ధనరాజు ఇక భూమ్మీద నడవలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పక్కింటి సూరమ్మ గారు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మనవరాలు మమత పెళ్లి దగ్గరికొచ్చేసింది. మండపం ఊళ్లోదే అయినా ఆవిణ్ణి కదపడానికి వీల్లేదన్నారు. కొడుకు మురళీమోహన్ మంచానికి ఎదురుగా పెద్ద టీవీ పెట్టించి, ధనరాజుకు లైవు ఒప్పజెప్పాడు. తోడుగా నన్ను ఉండమన్నారు. పనసకాయ బిర్యానీ వదులుకుని ఉన్నాను.

ఆవిడ ఎదురుచూపు పెళ్లి కోసం కాదు, తమ్ముడి కోసం. సఖినేటిపల్లిలో ఉండే బంగారరాజు గారు ఈ ఇంటి గడప తొక్కి చాలా ఏళ్లయింది. గృహప్రవేశం నాడు హడావుడిలో ఎవరో ఆయన్ని రెండో బంతిలో కూర్చోబెట్టారు. మేనమామను రెండో బంతిలో! ఆయన విస్తట్లో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు. మళ్లీ మాటల్లేవు. ఈసారి మురళీమోహన్ దంపతులు వెళ్లి బొట్టు పెట్టి పిలిస్తే, చూద్దాంలే అన్నారట.

"వాడొచ్చేడని కళ్లతో చూస్తే చాలే అమ్మాయ్" అన్నారు సూరమ్మ గారు. "ఇంకేం అక్కర్లేదు నాకు."

టీవీ పెట్టాను. మమత కనురెప్పలు కనబడ్డాయి. వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు. తరవాత ముక్కుపుడక. ఆ తరవాత పెళ్లికొడుకు గడ్డం మీద ఒక చెమటచుక్క, చాలాసేపు. వెనక కుర్చీల్లో ఊరు ఊరంతా రంగు ముద్దలై కదులుతోంది. ఆవిడ తల ఎత్తి, మెడ సాచి, కళ్లద్దాలు తుడుచుకుని వెతికారు. నేను ఉండబట్టలేక ధనరాజుకు ఫోను చేశాను.

"వెనకున్నవాళ్లను చూపించండి ధనరాజు గారూ."

"చూపిస్తున్నానండి. ఆయ్. ఫోకస్‌లో లేరంతేనండి. అదే అందమండి."

సాయంత్రం మురళీమోహన్ వచ్చి, "మావయ్య వచ్చేడమ్మా. వెనక వరుసలో ఫ్యాను పక్కన కూర్చున్నాడు. భోంచేసే వెళ్లేడు" అన్నాడు.

సూరమ్మ గారు నమ్మలేదు. "నేను బాధపడతానని చెప్తున్నావు. వస్తే టీవీలో ఉండడా?" అని గోడవైపు మొహం తిప్పేసుకున్నారు. ఫొటోలు చూపిద్దామంటే అవి తీసిందీ ధనరాజు మనుషులే, వాటిలోనూ అదే మంచు.

మర్నాడు పెళ్లి మళ్లీ వేశారు. బంగారరాజు గారు ఇరుగుపొరుగును పిలిచి కూర్చోబెట్టుకుని మరీ చూశారట. ఫ్యాను పక్కన గోధుమరంగు మబ్బు ఒకటి ఉంది గానీ ఆయన లేరు. "అప్పుడు రెండో బంతి. ఇప్పుడు ఏకంగా చెరిపించేసేరు. ఇది మా అక్క చెప్పి చేయించిందే" అన్నారట. ఆ మాట రాజోలు బస్సెక్కేవాళ్ల నోళ్లలో పడి సాయంత్రానికి మా వీధిలో ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ధనరాజును పిలిపించి సూరమ్మ గారి మంచం ముందు నిలబెట్టాను. ఆయన తొణక్కుండా లాప్‌టాప్ తెరిచి బొమ్మ ఆపాడు.

"ఇదిగోండి మామ్మగారూ. ఈ గుండ్రంగా ఉన్నదే మీ తమ్ముడుగారండి."

ఆవిడ ఆ మబ్బుకేసి చాలాసేపు చూశారు. "నా తమ్ముడికి ముక్కూ మొహం ఉంటాయి బాబూ" అన్నారు.

"చూసేవాళ్ల కన్ను పెళ్లికూతురి మీదే నిలబడాలండి. అందుకని..."

"పెళ్లికూతుర్ని పుట్టిన దగ్గర్నించీ చూస్తున్నాను. దాన్ని చూడ్డానికి నాకు టీవీ ఎందుకయ్యా?"

ధనరాజు లాప్‌టాప్ మూసేశాడు. ఆ మబ్బును మళ్లీ మనిషిని చెయ్యడం కుదరదా అని నేనడిగితే, కుదరదండి అన్నాడు. కాఫీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు ఛానల్లో భక్తిపాటలు వస్తూ వస్తూ ఆగిపోయాయి. నల్లపట్టీలు లేవు, మూలన లైవు అన్న అక్షరాలున్నాయి. ఒక అరుగు, సున్నం రాలిన గోడ, దండెం మీద తువ్వాళ్లు, కొబ్బరికాయల రాశి, దానిమీద ఒక కోడి, అన్నీ ఒకే తీరున తేటగా కనబడ్డాయి. నడుమ కుర్చీలో బంగారరాజు గారు. కండువా సర్దుకున్నారు.

"అక్కా, నేను వచ్చేనక్కా. వెనకాల కూర్చున్నాను. పిల్ల బాగుంది" అని చేతులు కట్టుకుని ఊరుకున్నారు.

సూరమ్మ గారు దిగ్గున తలెత్తారు. ధనరాజు పాత కెమెరా ఏదీ దాచదు కదా. పండిపోయిన జుట్టు, లోతుకు పోయిన బుగ్గలు, మెడ కింద తేలిన ఎముకలు అన్నీ చూపించేసింది.

"వీడెప్పుడు ఇంత ముసలాడైపోయేడే?" అన్నారావిడ. "ఫోనిలా తే."

నేను నంబరు నొక్కి ఇచ్చాను. అవతల ఎత్తారు.

"ఒరే బంగారం, అన్నం తింటున్నావా అసలు?"

ఫోనులో పెద్ద మగమనిషి ఏడుపు, నాక్కూడా వినబడింది. టీవీలో మాత్రం ఆయన ఇంకా చేతులు కట్టుకుని నిటారుగా కూర్చునే ఉన్నారు. లైవు మా వీధిదాకా రావడానికి కాస్త ఆలస్యమవుతుంది. కాసేపటికి టీవీలో ఫోను మోగింది, ఆయన చెవి దగ్గర పెట్టుకున్నారు, కండువాతో మొహం కప్పుకున్నారు.

"చూడు, ఏడుస్తున్నాడు" అన్నారు సూరమ్మ గారు.

ఫోనులో ఆయన అప్పటికే తేరుకుని, ఆయ్, రేపు పొద్దున్నే వస్తానక్కా అంటున్నారు. ఆవిడ ఫోను నా చేతిలో పెట్టేసి, టీవీకేసి చెయ్యి చాచి, "ఏడవకురా, ఏడవకు" అంటూనే ఉన్నారు.