కొండ దిగడం నేర్పిన మాస్టారు

దేవుడు చేసిన మేలు చెప్పుకునే మీ సాక్ష్యంలో ఏ మనిషి ఊసైనా కావాలని మింగేశారా? సూటిగా అడుగుతున్నాను, ఎందుకంటే నేను మింగేశాను. తెనాలిలో మా డ్రిల్లు మాస్టారు పోయారని పోయిన సోమవారం పోస్టుకార్డు వచ్చింది. అప్పటికే మట్టి చేసి నాలుగు రోజులైంది.

కొండ కంటికి ఆనని ఊళ్ళలో ఉంటూ కొండల మీద పరుగెత్తే పిచ్చి ఆయనది. పటాలంలో ఉన్నప్పుడు అంటుకుందట. తెల్లారగట్ల మొదలుపెట్టి, కొండవీటి కొండలు మూడు వరసగా ఎక్కి దిగి, పొద్దుగుంకేలోగా కిందికి చేరాలని పంతం. రెండు వేసవులు ఓడారు. మూడోసారి నన్ను వెంటబెట్టుకున్నారు. నేను రేపల్లెలో సైకిళ్ళు బాగుచేసుకుంటూ, బైబిలు వాక్యం సొంతంగా చదువుకుని బోధిస్తున్న రోజులవి. "కొండలు ముగించి వచ్చి సాక్ష్యం చెబుతాను" అని బాపట్ల ప్రార్థన మందిరంలో ముందే చాటుకున్నాను.

సాధనకు మాకు కొండ ఏదీ? కొల్లిపర దగ్గర కృష్ణ కరకట్టే మా కొండ. తడి ఇసుక గోతం భుజానేసుకుని ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. గేదెలు తోలుకెళ్ళే అవ్వ ఒకామె, "ఏంటయ్యా, కట్ట అవతల ఏమన్నా పారేసుకున్నారా?" అనేది. "దొరకలేదమ్మా, ఇంకోసారి చూసొస్తాం" అనేవారు మాస్టారు, రొప్పుతూనే.

ఇద్దరిదీ ఉత్తకాళ్ళ పరుగే. ఎక్కినంతసేపూ బాగానే ఉన్నాను. దిగేటప్పుడు వచ్చింది చావు. బురద గట్ల మీద పెరిగిన కాళ్ళు కదా, జారతామనిపిస్తే వేళ్ళు నేలలోకి దించి పట్టు బిగిస్తాం. రాతి మీదా అదే చేశాను. రెండో కొండ సగం దిగేసరికి బొటనవేళ్ళ గోళ్ళు రెండూ లేచిపోయాయి.

మాస్టారు అప్పటికే మూడో కొండ సగం ఎక్కారు. పొద్దింకా బారెడుంది. నా కేక విని ఆగారు. ఒకసారి పైకి, ఒకసారి పొద్దు వైపు చూశారు. వెనక్కి దిగి వచ్చేశారు.

"ఏంట్రా, వేళ్ళతో రాయిని దున్నుతున్నావా? ఇది మీ రేపల్లె బురద కాదురా నాయనా!"

"మీరు వెళ్ళండి సార్. ఈసారి పూర్తవుద్ది మీకు."

"కొండ ఎక్కడికి పోద్దిరా? నువ్వు పోతావు."

తలగుడ్డ చించి కట్టు కట్టారు. నా బరువంతా తన భుజానికి ఆనించుకుని, "రాయిని పట్టుకోకు. తాకి వదిలెయ్" అని అడుగడుక్కీ చెబుతూ నడిపించారు. దారిలోనే పొద్దుగుంకింది. నన్ను బండ మీద కూర్చోబెట్టి, తువ్వాలు పరిచి నమాజు చేసుకున్నారు. చివర్లో చేతులెత్తి దువా చేస్తుంటే అందులో నా పేరు వినబడింది.

ఆదివారం బాపట్లలో గ్రంథం ఎత్తి పట్టుకుని గర్జించాను: "దేవుడే నన్ను కొండ దింపాడు!" నిజమే. ఎవరి భుజం మీద దింపాడో మాత్రం చెప్పలేదు. నమాజు చేసే మనిషి భుజమంటే అక్కడ నా మాట తేలికవుతుందని భయం. దెబ్బతిని పడిన బాటసారిని పరాయివాడే ఎత్తుకున్నాడన్న ఉపమానం అప్పటికెన్నిసార్లు బోధించానో నాకే తెలియదు!

ఆ సంగతి ఆయన చెవిన పడింది. మరుసటి వారం ఎదురుపడి, "బాగా చెప్పావంట. నేనెక్కడన్నా ఉన్నానా అందులో?" అన్నారు.

"లేరు సార్."

"సరేలే. వేళ్ళు మానాయా?"

అంతే. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. మరుసటేడు ఆయన మోకాలు మొరాయించింది. నాకు దిగడం నేర్పి, నన్ను పంపారు. మూడూ ముగించి నేను దిగేసరికి, కొండ కింద ముంతెడు మజ్జిగతో, నాకంటే ఎక్కువ చెమటతో నిలబడి ఉన్నారు. ఆయన మాత్రం ఎప్పటికీ ముగించలేకపోయారు.

నిన్న ఆదివారం అదే మందిరంలో అంతా చెప్పాను. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. ఒక ముసలమ్మ దగ్గరకొచ్చి, "ఆయన భార్య ఉందా బాబూ?" అంది.

"ఉందమ్మా, తెనాలిలో."

"మరి ఆవిడకి చెప్పకుండా మాకు చెప్తావేంటి?"

ఇదంతా రాసిన ఈ కాగితం మడిచి తెనాలి బస్సెక్కుతున్నాను. మీరూ లేవండి. మిమ్మల్ని మోసిన మనిషి ఇంకా ఊపిరితో ఉంటే మీరు నాకంటే ధన్యులు. రేపనకండి. ఈ పూటే ఆ గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినేలా చెప్పండి: నన్ను మోసింది ఈయనేనని.