చకారం వినబడని చెవి

మా బడి జాలరిపేటకి దగ్గర. రేకుల షెడ్డు, నడుమ ప్లైవుడ్ చెక్క అడ్డంపెట్టి రెండు తరగతులు, గోడవతల ఇనుప రాడ్లు కోసే దుకాణం. అందులో ఇరవై మూడేళ్లుగా తెలుగు చెబుతున్నాను. చెబుతున్నానంటే, అరుస్తున్నాను. అవతలి తరగతి ఎక్కాల మీద నా గొంతు, నా గొంతు మీద ఆ కోత మిషను.

మా ఆయన ప్లాంటులో పనిచేస్తారు. ఆయనకి చెవుల్లో పెట్టుకోడానికి బిరడాలిస్తారు, ఏటా పరీక్ష చేస్తారు. "మీదంటే ఫ్యాక్టరీ, మాది బడి" అని వెక్కిరించేదాన్ని. సాయంత్రాలు చెవుల్లో కీచుమని మోత మొదలైతే అలసట అనుకున్నాను. టీవీ సౌండు తగ్గించమని ఆయన విసుక్కుంటే పోట్లాడాను.

నాకో పిచ్చి ఉంది. మా పిల్లలు చేపని సేప అంటారు, చెరువుని సెరువంటారు. ఇంట్లో ఎలాగైనా అనుకోండి, బడిలో మాత్రం చ పలకాల్సిందే అని నా పంతం.

ఐదో తరగతిలో ఒక పిల్ల ఉంది. తల్లి చేపలమ్ముతుంది. చదవడంలో ఆ పిల్లని మించినవాళ్లు లేరు. పఠన పోటీకి తననే పంపుదామని ముందురోజు పాఠం చదివించాను.

"సేపలు" అన్నట్టు వినిపించింది. మళ్లీ అనమన్నాను. మళ్లీ అదే. పదిసార్లు అనిపించాను. తరగతంతా కిసుక్కున నవ్వింది. ఆ పిల్లని చూసే నవ్వుతున్నారనుకున్నాను.

"ఈ మొద్దు నోటితో ఏం పోటీకి వెళ్తావే, కూర్చో" అన్నాను. పోటీకి ఇంకో పిల్లని పంపాను.

మూడోరోజు తల్లి వచ్చింది, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని.

"టీచరమ్మా, మా పాప సక్కగానే అంతన్నాది. ఇంటికాడ నాను సేప అంటే నన్నే తిద్దుతాది. మీకే ఇనబడ్డం నేదేటో, ఓపాలి సూపించుకోండి."

నాకు ఒళ్లు మండింది. గద్దించి పంపేశాను. కానీ ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకుని, ఆ వారమే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాను.

అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమన్నాడు. ఇంకా మొదలుపెట్టలేదేమో అనుకుంటూ చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అప్పటికే సగం పరీక్ష అయిపోయిందట.

"ఏళ్ల తరబడి గోలలో పనిచేస్తే ముందు సన్నటి శబ్దాలు పోతాయండీ. చ, స లాంటివాటికి తేడా తెలియదు. ఏ ఫ్యాక్టరీలో చేస్తున్నారు?" అన్నాడు.

బడి అని చెప్పడానికి నాకు సిగ్గేసింది.

చెవి మిషన్ పెట్టుకున్న మొదటిరోజే ఆ పిల్లని పిలిచాను. ముందు నా చెవులతో ఆ చ విని, ఆ తర్వాత అందరి ముందూ తప్పు ఒప్పుకుందామనుకున్నాను. అదే పాఠం ఇచ్చి చదవమన్నాను.

"సేపలు" అంది. "సెరువు" అంది. పేజీ అంతా చదివింది, ఒక్క చ కూడా లేదు. ఈసారి ప్రతి అక్షరం నాకు గాజుముక్కలా వినబడింది. తను చ అని పలికిందల్లా నేను తప్పన్నాను కాబట్టి, స అనడమే ఒప్పనుకుంది ఆ పిల్ల. పుస్తకం మూసి, భయంభయంగా నా మొహంలోకి చూసింది.

"పది దినాలు ఇంటికాడ నేర్సుకున్నాను మేడమ్. ఇప్పుడు కరెక్టేనా?"