బీచుపల్లిలో దించిన కమాను

పెబ్బేరు సంతలో నేను ఫిడేలు వాయిస్తే ఎడ్లు కూడా కదలకుండా విన్నాయని నలభై ఏళ్లుగా చెప్పుకుంటున్నాను. కదలని మాట నిజమే. గుంజలకు కట్టేసి ఉన్నాయన్నది మాత్రం చెప్పలేదు. ఆ రోజు నన్ను తీసుకెళ్లినవాడు పశువుల దాణా అమ్ముకునేవాడు. జనం పోగవడానికి ఫిడేలు కావలసి వచ్చింది.

గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పుట్టి ఫిడేలు పట్టినవాణ్ణి. సినిమా పాటలకు వాయించాను, ఆఖరి వరుసలో, మైకుకు అందనంత దూరంలో. హరికథలకు, నాటకాలకు, పెళ్లిళ్లకు వాయించాను. వనపర్తిలో బడిపిల్లలకు సంగీతం చెప్పాను, అంటే పొద్దున ప్రార్థనకు శ్రుతి ఇచ్చాను. ఇవన్నీ ఎంత పెంచి చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఒక్క అబద్ధం వల్ల మాత్రం ఒక మనిషికి అన్యాయం జరిగింది.

ఆయన గాయకుడు. ఊరు బల్మూర్. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఇరవై ఏళ్లు ఆయన కచేరీల్లో పక్కన కూర్చుని వాయించాను. ఆయన పాడడం ఎందుకు మానేశాడని ఎవరడిగినా, "గొంతు పోయింది, పాపం" అనేవాణ్ణి. గొంతు పోలేదు.

బీచుపల్లి ఆంజనేయస్వామి సన్నిధిలో కచేరీ. మొదలయ్యే ముందు పిలిచినవాళ్లకు నన్ను చూపించి, "గీడు మా ఫిడేలు పిలగాడు" అన్నాడాయన. నాకప్పటికే యాభై దాటాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల మండిపోతూ.

రెండో కీర్తన చరణంలో ఆయనకు మాట తట్టలేదు. ఆ వయసులో అది మామూలే. అలాంటప్పుడు గాయకుడు పక్కకు ఒక చూపు చూస్తాడు. ఫిడేలు వెంటనే ఆ వరసను అందుకుని, మాట గుర్తొచ్చేదాకా నడపాలి. వినేవాళ్లు అది ఫిడేలు వంతే అనుకోవాలి. మగ్గం మీద పోగు తెగితే మా నాన్న వేళ్లు తడిచేసుకుని, అతుకు పైకి కనబడకుండా పేనేవాడు. నడక కంటే ముందు నాకు వచ్చిన పని అది. సరే, నడక వచ్చాకే.

ఆయన నా వైపు చూశాడు. నేను కమాను దించి ఒడిలో పెట్టుకున్నాను.

మృదంగం ఒక్కటే మోగుతోంది. తెగిన చోటు అందరికీ కనబడేదాకా ఆగి, అప్పుడు కమాను ఎత్తి దర్జాగా వాయించాను. చప్పట్లు కొట్టారు. కచేరీ అయ్యాక తంబూరాకు గుడ్డ చుడుతూ, "మంచిగ వాయించినవ్‌రా" అన్నాడాయన. అంతే. మళ్లీ ఏ వేదికా ఎక్కలేదు.

మొన్న చలికాలంలో బీచుపల్లి నుంచి నాకు మళ్లీ పిలుపు వచ్చింది. ఆయన్ను వెంటబెట్టుకుని పోవాలనీ, దానికి ముందు నా తప్పు ఒప్పుకోవాలనీ, నాగర్‌కర్నూల్ దాకా ఒక బస్సు, బల్మూర్‌కు ఇంకో బస్సు ఎక్కాను. చెప్పవలసిన మాటలు దారంతా వల్లె వేసుకున్నాను.

"ఏం ఫిడేలూ, తొవ్వ తప్పినవా?" అన్నాడు అరుగు మీద నుంచే.

"లేదన్నా. నిన్ను జూడనీకె వచ్చిన."

"జూడు. టికెట్ లేదు."

ఆయన భార్య చాయ్ తెచ్చింది. "అన్న గొంతు ఎట్లున్నది వదినె?" అని అడిగాను.

"గొంతుకేమైంది? దినాం పొద్దుగాల పల్లిచేన్ల పాడుతడు. అడిగితే అడివి పందులను తోలుతున్న అంటడు."

"పోతున్నయా అన్నా, పందులు?"

"ఏడ పోతయ్‌రా? కూసొని ఇంటున్నయ్, నీ పెబ్బేరు ఎడ్ల లెక్క." నవ్వి, నా ఫిడేలు పెట్టె వైపు గడ్డంతో చూపించాడు. "తెచ్చినవ్ గద, తియ్. గా కీర్తననే వాయించు."

ఏ కీర్తనో అడగవలసిన పని లేకపోయింది.

నా ఉంగరపు వేలు రెండేళ్లుగా నా మాట వినదు. సరిగ్గా ఆ చరణంలోనే పక్కకు పడింది, స్వరం జారింది. ఆయన నా వైపు చూడను కూడా లేదు. వెంటనే ఆ మాట ఎత్తుకుని పాడాడు. ఆ గొంతు కింద నా తప్పు మునిగిపోయింది. వేలు కుదురుకోగానే ఆపేసి, చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"ఒక్క తప్పు లేకుండ వాయించినవ్ మరిది!" అంది వదినె వంటింట్లో నుంచి.

అప్పుడే చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. బయటికి మాత్రం, "బీచుపల్లికి వస్తవా అన్నా?" అని వచ్చింది.

"పల్లి పీకేదున్నదిరా. నువ్వు పోయిరా, జర వేలు జూసుకో."

గద్వాల వచ్చాక అందరికీ చెప్పాను: కాళ్ల మీద పడ్డాననీ, ఆయన లేపి గుండెకు హత్తుకున్నాడనీ. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేను అసలు మన్నించమని అడగనేలేదు. బల్మూర్‌లో బస్సు కదిలేదాకా ఆయన కిటికీ కిందే నిలబడ్డాడు. అప్పుడైనా అడగొచ్చు. నేను పెట్టె ఒళ్లో పెట్టుకుని, సీటు దొరికిందన్నట్టు చెయ్యి ఊపాను.