మరక లేని కవరు

స్టోరు గదిలో కూర్చునే ఆవిడను ఆ మరమ్మతు షెడ్డులో అందరూ ఎదురుగా 'అక్కా' అనేవాళ్లు, చాటుగా 'అత్తగారు' అనేవాళ్లు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక స్పానరు పట్టిన మనిషి కాదు. కానీ బిగుసుకుపోయిన బేరింగులను ఊడలాగే హైడ్రాలిక్ పుల్లరు కొన్నప్పుడు, పెట్టెలో వచ్చిన పుస్తకాన్ని ఆమూలాగ్రం చదివింది ఆవిడొక్కతే. పనిమంతులమని మీసాలు మెలేసేవాళ్లెవరూ దాన్ని తిప్పి కూడా చూడలేదు.

అప్పటినుంచి మేస్త్రికి తిప్పలు మొదలయ్యాయి. పుల్లరు కావాలంటే ముందు దాని మూడు కొక్కేలనూ ఆవిడ బల్ల మీద పెట్టాలి. కళ్లజోడు సవరించుకుని పగుళ్లు వెతికేది. తర్వాత మందపాటి గుడ్డ కవరొకటి చేతికిచ్చి, "పంపు కొట్టేముందు పుల్లరు చుట్టూ చుట్టండి, విరిగినా ముక్కలు ఎగరవు" అనేది. చుడితే బేరింగు కదిలిందో లేదో కనబడదాయె! మేస్త్రి దాన్ని ఓ మూల పడేసి, సాయంత్రం బుద్ధిగా మడతపెట్టి అప్పజెప్పేవాడు. నాకే పని నేర్పుతుందా ఈవిడ అని ఒళ్లు మండేది.

ఆ రోజు మట్టి ఎత్తే లోడరు బండి బేరింగు మొండికేసింది. మేస్త్రి పంపు కొడుతూ, "కాస్త మొహం దగ్గర పెట్టి చూడరా, సందు వచ్చిందా?" అన్నాడు బామ్మర్దితో. ఇద్దరిదీ ఒకే షెడ్డు, ఒకే ఇల్లు. అతను వంగబోతుంటే ఆవిడ మూలన పడున్న కవరు పట్టుకుని వచ్చింది.

"నెల్లాళ్లుగా దీనిమీద ఒక్క నూనె మరక లేదు మేస్త్రీ. నేనేమైనా వెర్రిదాన్నా? ముందు ప్రెషరు దించండి."

మేస్త్రి పళ్లు నూరుకుంటూ దించాడు. కవరు చుట్టి, బామ్మర్దిని పక్కకు పంపి, మళ్లీ పంపు కొట్టాడు. నాలుగో దెబ్బకు ఠప్పుమని పేలింది. కంటికి ఆనని పగులేదో లోపల ఉందేమో, కొక్కెం విరిగి ముక్క కవరులో చిక్కుకుంది. గుడ్డ సగానికి పైగా చీలింది.

ఆవిడ మేస్త్రి బామ్మర్ది భుజం తట్టి, "మంచినీళ్లు తాగు నాయనా" అని వెళ్లిపోయింది.

ఇంట్లో భోజనాల దగ్గర మేస్త్రి తినకుండా అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "ఏమైందండీ?" అంది భార్య.

"నీ తమ్ముడు ఇవాళ ఇక్కడ కూర్చుని తింటున్నాడంటే నా వల్ల కాదే. నేనైతే వాడి మొహాన్ని పుల్లరుకు ఎదురుగా పెట్టించబోయాను. మా స్టోరు అక్క కాపాడింది. ఆవిడకు జన్మంతా రుణపడి ఉంటాను" అని జరిగిందంతా చెప్పాడు.

ఆమె తమ్ముడి మొహంలోకి కళ్లార్పకుండా చూసింది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుంది.

"ఆవిడ ఇల్లెక్కడ?"

మేస్త్రి తల దించుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా ఒకే చోట పని. ఎప్పుడూ అడగలేదు."

"అయితే పదండి, అడుగుతూ వెళదాం" అంది ఆమె, చెప్పులు వేసుకుంటూ.