రేకు విమానంల బరువు

మొన్న మెట్‌పల్లిల పసుపు పాలిష్ పట్టే కాడ డీజిల్ ఇంజిన్ పొగ ముక్కుకు తగిలింది. అంతే, నా పానం పోయి కోరుట్ల జాతరల రేకు విమానంల కూసున్నది.

అప్పుడు నాకు ఏడేండ్లు. మా అవ్వ నన్ను గా గుండ్రంగ తిరిగే విమానం ఎక్కించి కింద నిలబడ్డది. రెండు చుట్లు బాగనే తిరిగింది. మూడో చుట్టుకు ఇంజిన్‌కు పూనకం వచ్చింది. నా రిబ్బన్లు జగిత్యాల దిక్కు, చెప్పులు సిరిసిల్ల దిక్కు ఎగిరిపోయినయి. నడుముకు కట్టిన గొలుసు మాత్రం నన్ను ఇడుస్తలేదు.

"ఓ కొడుకా, నా మనుమరాలు సస్తది, దింపు!" అని అవ్వ మొత్తుకున్నది.

ఇంజిన్ స్పీడును అదుపుల పెట్టే గవర్నర్ ముందట కూసోని మిస్త్రీ మర తిప్పుతున్నడు. "జెర ఎక్కువ ఉరుకుతుందవ్వా, గంతే. పోరగాండ్లు దిగితె బరువు పోతది. బరువు లేకుంటె సెట్టింగ్ తెల్వది. ఆగు!"

"నీ సెట్టింగు మన్నువడ! బరువుకు నువ్వెక్కి కూసో!"

వాడు మర ఇంకింత తిప్పిండు. నేను ఏడుపు మింగి ఆలోచన చేసిన. మా బాపు దుబాయి విమానమెక్కి మూడేండ్లయింది. వస్త వస్త అంటడు, రాడు. అక్కడ గూడ ఎవడో మిస్త్రీ బరువు కోసం ఆపిండన్నమాట!

ఆఖరికి ఇంజిన్ నిమ్మళించింది. దిగంగనే, "బాపును గూడ దింపుమని చెప్పవ్వా" అన్న. తిట్టుకుంట ఉన్న అవ్వ ఒక్కసారే నన్ను సంకనెత్తుకున్నది.

చానేండ్లకు బాపే చెప్పిండు. ఇంటికి పోతనన్నప్పుడల్ల అక్కడి సేటు, "నువ్వు పోతె పనెట్ల నడుస్తది, ఆగు" అనేటోడట.