వామనగుంటల పీట మీద కంప్యూటర్

కంప్యూటర్‌ను కంటితో చూడకముందే దాని మీద మనసు పారేసుకున్నాను. డెబ్భైల మొదట్లో మాట. మూసాపేటలో ఒక ఫ్యాక్టరీలో టైపిస్టును. లెక్కల్లో డిగ్రీ చదివి, పొద్దస్తమానం "తమరి లేఖ అందినది" అని కొట్టేదాన్ని. అలాంటి రోజుల్లో మా ఆవరణలో కొత్త గది కట్టి కంప్యూటర్‌ను దింపారు. అది అలసిపోదట, చెప్పిందే వెయ్యిసార్లు చెప్పినా విసుక్కోదట. మా ఇంట్లో ఒక ప్రశ్న మూడోసారి అడిగితే వీపు విమానం మోత మోగేది! అలాంటి ప్రాణి ఒకటి వంద అడుగుల దూరంలో ఉందంటే నాకు టైపింగ్ మీద ధ్యాస ఎలా నిలుస్తుంది?

కానీ ఆ గదిలోకి అందరినీ రానివ్వరు. నాతో సహా ఐదుగురిని ఎంచి నెల రోజులు నల్లబల్ల మీద పాఠాలు చెప్పారు. చివర్లో పరీక్ష పెట్టారు. ఏడు అంకెలు ఇస్తారు, వాటిని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరసలో పెట్టేలా ప్రోగ్రామ్ రాయాలి. దాన్ని చిల్లులు పొడిచిన అట్టకార్డులుగా మార్చి కిటికీలోంచి లోపలికి ఇస్తే, రెండు రోజులకు అచ్చయిన కాగితం అదే కిటికీలోంచి బయటికొస్తుంది. రెండే అవకాశాలు. నెగ్గితే ఆ గదిలో ఉద్యోగం, లేదంటే మళ్ళీ టైపు మిషను ముందుకు.

నాకు ఇచ్చిన అంకెలు ఐదు, ఎనిమిది, మూడు, తొమ్మిది, రెండు, ఏడు, నాలుగు. నా మొదటి కాగితంలో వచ్చినవి ఐదు రెళ్ళు, రెండు నాలుగులు.

"ఏమ్మా, తొమ్మిదిని ఎక్కడ దాచావ్?" అన్నారు మా ఆఫీసరు. అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఏడుపు, దాన్ని మించిన కోపం. యంత్రానిదే తప్పని లోపల గట్టిగా అనుకున్నాను. అంత పొగరు నాకు.

కూకట్‌పల్లిలో కిరాయికి ఉండేదాన్ని, అప్పటికింకా పల్లెటూరే అది. ఇంటామెను అందరూ అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆ ఆదివారం అరుగు మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే వచ్చి పక్కన చతికిలపడింది.

"ఏంది బిడ్డా, మొకం గట్ల ముడుసుకున్నవ్?"

చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేసే మిషనండీ, అలసిపోదు, సొంత తెలివి ఉండదు, అయినా నా మాట వినట్లేదు అన్నాను.

"చెప్పింది చెప్పినట్టు చేస్తదా? నా కోడలు గూడ చెయ్యదు గట్ల!" అని నవ్వి, "ఫికర్ జెయ్యకు. ఆ మిషన్ నేనైత. నువ్వు జెప్పు" అంది.

లోపలికెళ్ళి వామనగుంటల పీట తెచ్చింది. ఖాజాగూడలోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న పీట అది, రెండు వరసల్లో ఏడేసి గుంటలు. పై వరసలో నా అంకెల ప్రకారం చింతపిక్కలు పోసింది. నేను ప్రోగ్రామ్ చదువుతూ పోయాను. పక్కపక్క గుంటల్లో ముందుది పెద్దదైతే రెండిటినీ తారుమారు చెయ్యాలి. ఐదూ ఎనిమిదీ సరిగానే ఉన్నాయి. తర్వాత ఎనిమిదీ మూడూ.

"మూడో గుంటలో ఎన్నున్నాయో రెండో గుంటలో అన్నే ఉంచండి" అన్నాను.

అవ్వ ఐదు పిక్కలు తీసి అవతల పారేసింది. మూడు మిగిలాయి.

"ఇప్పుడు రెండో గుంటలో ఎన్నున్నాయో మూడో గుంటలో అన్ని."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "రెండిట్ల మూడేనాయె. నా ఎనిమిది గింజలు ఏడ పాయె? మింగినవా ఏంది?"

ఎనిమిదిని పారేయించింది నేనే! పాపం ఆ యంత్రం నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేసింది.

"జర ఆగు" అంది అవ్వ. "ముందుగాల రెండోదాంట్లయి నా కొంగుల పోసుకుంట. మూడోదాంట్లయి రెండోదాంట్లకు తెస్త. ఇగ కొంగులయి మూడోదాంట్ల పోస్త. గంతే గదా?"

అంతే. నెల రోజుల పాఠాల్లో నాకు తట్టనిది, అక్షరం ముక్క రాని మనిషి ఒక్క కొంగు విసురుతో తేల్చేసింది. ఆవిడ కాళ్ళకు దణ్ణం పెడితే "పిచ్చి లేసిందా" అని తిట్టింది. ప్రోగ్రామ్‌లో ప్రతి అంకెకూ ఒక గడి, ఆ గడికొక పేరు ఉంటాయి. కొత్తగా ఒక గడి పెట్టి, దానికి ఇంగ్లిషు అక్షరాల్లో కొంగు అని పేరు రాశాను. సోమవారం కొత్త కార్డులు కిటికీలోంచి ఇచ్చాను.

బుధవారం కిటికీలోంచి కాగితం రాలేదు. తలుపే తెరుచుకుంది. ఆఫీసరు లోపలికి రమ్మన్నారు. చెప్పులు బయట విడిచి వెళ్ళాను, అక్కడ అందరూ అలాగే విడిచేవారు. ఎండాకాలంలో అంత చలి నేనెప్పుడూ ఎరుగను. బీరువాలంత పెట్టెలు, వాటి మీద మిణుకుమిణుకుమనే దీపాలు, ఎడతెగని హోరు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయాను. చూస్తుండగానే యంత్రం నా కార్డులను గుటుక్కున మింగి, టకటకలాడుతూ కాగితం కక్కింది. పైన నా ప్రోగ్రామ్, దాని కింద అంకెలు. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. నేను చెప్పిన మాటను మనిషి కానిది విన్నది!

"ఈ కొంగు ఏంటమ్మా?" అన్నారు ఆఫీసరు.

"మా అవ్వదండీ" అన్నాను.

సాయంత్రం ఆ కాగితం అవ్వ ముందు పెట్టాను. ఒక్కో అంకె నేను చదువుతుంటే అన్నేసి గింజలు లెక్కపెట్టి పక్కన పేర్చింది. ఒక్కటీ తప్పలేదు. తర్వాత పైన కొంగు అన్న పేరు ఎక్కడుందో చూపించాను. దాని మీద బొటనవేలు ఆనించింది. ఆ తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుంది.

"అయ్యో అవ్వా, రేపు ఆఫీసులో దాఖలు చెయ్యాలండీ!"

"ఇయ్య పో. ఇంకోటి కొట్టిచ్చుకో. అది అలసిపోదంటివి గదా!"